నాకు పూనింది అమ్మవారు కాదండీ

మా ఊళ్ళో కొన్నాళ్ళు జనం నన్ను చూసి దణ్ణం పెట్టారు. కాళ్ళకి పసుపు రాశారు. అదంతా నా జబ్బులో భాగమే. ఆ సంగతి తెలియడానికి నాకు ఆసుపత్రి మంచం కావలసి వచ్చింది. ఇప్పుడు ఒళ్ళు కుదుటపడింది కనుక రాస్తున్నాను. నేను మరిచిపోకుండా ఉండడానికి కొంత, నాలాంటి ఆడవాళ్ళు ఎక్కడైనా ఉంటే వాళ్ళ కోసం కొంత. చదవడం రాకపోతే ఎవరిచేతనైనా చదివించుకోండి. యాభై దాటేదాకా నాదీ వేలిముద్రే. పొదుపు సంఘంలో సంతకం పెట్టాల్సి వచ్చి అక్షరాలు నేర్చుకున్నాను. పెద్ద మాటలు రావు. వచ్చిన మాటలు ఈ పనికి చాలు.

చెరువుల మీద

నా పేరు వెంకాయమ్మ. మాది కొల్లేరు అంచున ఊరు. మా ఆయనా నేనూ పెళ్ళయిన దగ్గర్నుంచీ చేపల చెరువుల మీదే బతికాం. నా పని మేత కలపడం. తవుడూ చెక్కా కలిపి, చిల్లులున్న సంచుల్లో నింపి, పడవ మీద వెళ్ళి చెరువులో పాతిన గెడలకి కట్టాలి. నడుం దాకా తడిసేది. పని అయ్యాక షెడ్డులో మగవాళ్ళు ఒక గ్లాసు వేసుకునేవారు, మాకూ పోసేవారు. పనిలో ఉన్న ఆడది ఒక గ్లాసు తాగితే మా వైపు ఎవరూ వింతగా చూడరు.

మొగుడు పోయిన బాధతో తాగుడు మొదలెట్టానని మా చుట్టాలు చెప్పుకుంటారు. అబద్ధం. ఆయన ఉన్నప్పుడే తాగేదాన్ని. బాగుండేది, తాగేదాన్ని. చలి తెలిసేది కాదు, నడుంనొప్పి తెలిసేది కాదు. ఆయన పోయాక అడిగేవాళ్ళు లేక ఎక్కువైంది, అంతే. సాయంత్రం గ్లాసు పొద్దున్నకి వచ్చింది. పొద్దున్న తాగకపోతే చెయ్యి వణికేది. తాగితే ఆగేది. ఇంకేముంది, చెయ్యి ఆగడానికి తాగడం అలవాటైంది. అప్పటికి బాగుండడం అనేది పోయి చాలా కాలమైంది.

ఎండలు

పోయిన ఏడాది ఎండాకాలంలో మా కోడలు రత్నం నెల తప్పింది. మా అబ్బాయి సూరిబాబు పెదవేగి దగ్గర పామాయిల్ తోటల్లో ట్రాక్టరు తోలతాడు. వాడికి తాగుడు లేదు, బీడీ కూడా లేదు. రత్నానికి తల్లి లేదు. చిన్నప్పుడే పోయింది. అంచేత పురుడు మా ఇంట్లోనే.

పసిబిడ్డకి నీళ్ళు పోయడం మా ఇళ్ళలో పెద్ద ఆడమనిషి పని. పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె మర్దనా చేసి, ముక్కూ నుదురూ దిద్ది, వేన్నీళ్ళు పోయాలి. చెయ్యి కుదురుగా ఉండాలి. నూనె రాసిన బిడ్డ చేపలాగే జారుతుంది. ఊళ్ళో ఎంతోమంది పిల్లలకి మా అత్త నీళ్ళు పోసేది. ఆవిడ పక్కన కూర్చుని నేను నేర్చుకున్నాను. సూరిబాబుకి నేనే పోసుకున్నాను.

ఒకరోజు టీ గ్లాసు అందిస్తుంటే సగం రత్నం చీర మీద పడింది. ఆ పిల్ల చీర దులుపుకుని, నా చేతుల వంక చూసింది.

"అత్తయ్యా, ఒక మాట అంటాను. కోప్పడకండి."

"అను."

"ఈ చేతుల్లో బిడ్డని పెట్టలేనండీ."

"మరెవరి చేతుల్లో పెడతావు? మీ అమ్మ లేదు కదా."

అనకూడని మాటే. నా నోరు అలాంటిది. రత్నం ఏడవలేదు.

"లేదు కాబట్టే మిమ్మల్ని అడుగుతున్నానండీ. మానెయ్యండి. బిడ్డ వచ్చేలోగా మానెయ్యండి."

అంతకుముందు ఎవరూ నన్ను అలా అడగలేదు. తిట్టారు, నవ్వారు, సీసా దాచారు. అడగలేదు.

శ్రావణం

శ్రావణమాసంలో ఒక శుక్రవారం అమ్మవారి గుడికి వెళ్ళి పసుపునీళ్ళు చల్లించుకున్నాను. ఇంక ముట్టనని మొక్కుకున్నాను. మొక్కుకుంటే చాలనుకున్నాను. మొండిదాన్ని, పట్టుదల ఉంటే ఏదైనా ఆగుతుందనుకున్నాను.

మర్నాటికి చెయ్యి మాత్రమే కాదు, ఒళ్ళంతా వణకడం మొదలెట్టింది. చీర పిండుకునేంత చెమట. ఆ తర్వాత రోజుకి అరుగు మీద కూర్చున్న నాకు ఎదురుగా వీధి కనబడలేదు, చెరువు కనబడింది. చెరువు నిండా చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి వస్తున్నాయి. "చేపలు తేలిపోతున్నాయిరా, పట్టండ్రా, పట్టండ్రా" అని అరిచానట. జుట్టు విరబోసుకుని ఊగిపోతూ అరిచానట. నాకు సగమే గుర్తుంది.

పక్కింటావిడ చూసి, "అమ్మవారు వచ్చిందండీ" అంది. మరి గుడిలో మొక్కుకుని వచ్చిన దాన్నే కదా. వేపమండలు తెచ్చారు. డప్పు తెచ్చారు. చెరువులు లీజుకి చేసే గంగరాజు గారు పరుగున వచ్చి నేల మీద పడి దణ్ణం పెట్టారు. అంతకు ముందు వారమే ఆయన, "నీ కంపు భరించలేకపోతున్నాను వెంకాయమ్మా, షెడ్డులోకి రాకు" అన్న మనిషి.

అమ్మవారిని శాంతింపజేయాలంటే మా వైపు సాక పోస్తారు. పసుపునీళ్ళు, బెల్లం, కల్లు. అవి కల్లు దొరికే రోజులు కావని ఎవరో షాపు సీసా తెచ్చి పసుపునీళ్ళలో కలిపారు. ఆ చెంబు నా నోటికి పెట్టారు. గటగటా తాగాను. కాసేపటికి వణుకు ఆగింది. ఊగడం ఆగింది. నేను అందర్నీ గుర్తుపట్టాను.

"చూశారా, తల్లి శాంతించింది" అన్నారు గంగరాజు గారు.

ఎవరైనా అదే అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను.

ఆ పైన ఇంకోటి జరిగింది. తల్లి పట్టమంది కదా అని గంగరాజు గారు ఆ సాయంత్రమే వలలు దింపి చేపంతా పట్టించేశారు. మర్నాడు పక్క చెరువులో చేప గాలందక తెల్లగా తేలిపోయింది. ఇంక నా పని అయిపోయింది. ప్రతి శుక్రవారం జనం. కోడి పోయిందనీ, కూతురికి సంబంధం కుదరడం లేదనీ, చెరువులో రొయ్య వెయ్యాలా బొచ్చె చేప వెయ్యాలా అనీ. ముందురోజు నాకు చుక్క పడనిచ్చేవారు కాదు, ఉపవాసం అని. దాంతో శుక్రవారం పొద్దున్నకి వణుకు దానంతటదే వచ్చేది. అప్పుడు సాక పోసేవారు. మిగతా రోజుల్లో నా సీసా నేను తెచ్చుకునేదాన్ని. తాగుబోతు అనే మాట ఊళ్ళో ఎవరి నోటా రాలేదు.

సూరిబాబు మురిసిపోయాడు. తోటల్లో వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని టీలు ఇప్పించేవారు. రత్నం మాత్రం నోరెత్తేది కాదు. ఒకరోజు నా కాళ్ళకి రాసిన పసుపు కడుగుతూ అంది.

"అత్తయ్యా, బిడ్డని ఒళ్ళో పెట్టమని రేపు అమ్మవారు అడిగితే, కాదనడానికి నాకు ధైర్యం ఉండదండీ. అదే నా భయం."

కార్తీకం

ఆ మాట నన్ను తినేసింది. రత్నానికి ఆరో నెల దాటింది. కార్తీకమాసం రాగానే మళ్ళీ మానేశాను, ఎవరికీ చెప్పకుండా. మళ్ళీ అదే వణుకు. ఈసారి ఇంకా బలంగా. కుర్చీలోంచి కింద పడి కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాను. నాలిక కరుచుకున్నాను. శుక్రవారం కాకపోయినా జనం వచ్చేశారు. ఎవరో సాక కలుపుతున్నారు.

అప్పుడే రత్నం బీపీ చూడడానికి మా ఊరి నర్సమ్మ వచ్చింది. మేమంతా సిస్టరమ్మా అంటాం. సన్నగా, గట్టిగా మాట్లాడే పిల్ల. మెడలో వేపమండలతో పడి ఉన్న నా దగ్గర గొంతుక్కూర్చుని, చెయ్యి పట్టుకుని చూసింది.

"మామ్మగారూ, ఆఖరిసారి ఎప్పుడు తాగారండీ?"

అందరూ గుడ్లప్పగించారు. సూరిబాబుకి కోపమొచ్చింది.

"అమ్మవారు ఉండగా అదేం మాటండీ సిస్టరు గారూ?"

"అమ్మవారు తర్వాత సంగతి బాబూ. రోజూ తాగే ఒళ్ళు ఒక్కసారిగా మానేస్తే ఇలాగే వణుకుతుంది, లేనివి కనబడతాయి, ఫిట్స్ వస్తాయి. ప్రాణం పోయే జబ్బిది. మళ్ళీ పోస్తే ఆగుతుంది. అందుకే మీ సాకకి శాంతిస్తోంది."

సాక చెంబు పట్టుకున్న మనిషి దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూస్తున్నాడు.

"ఈవేళే ఆసుపత్రిలో చేర్చండి. ఇంట్లో కూర్చుని సొంతంగా మళ్ళీ మాన్పించకండి" అని చెప్పి, తను వచ్చిన ఆటోలోనే దగ్గర్లోని ఆరోగ్యకేంద్రానికి తీసుకెళ్ళి సూది వేయించింది. అక్కడి డాక్టరు గారు పెద్ద ఆసుపత్రికి చీటీ రాసిచ్చారు.

ఇది చదివేవాళ్ళలో తాగుడు మానాలనుకునేవాళ్ళు ఉంటే ఈ ఒక్క ముక్క దగ్గర ఆగండి. మానడం మంచిదే. ఒంటరిగా, ఒక్కసారిగా మానకండి. రోషంతో మానే పని కాదిది. డాక్టరు దగ్గర మానండి.

వెతుకులాట

చీటీ మీద ఏలూరు అని ఉంది. సూరిబాబు ఏలూరు వద్దన్నాడు. అక్కడ ఆసుపత్రి వరండాలో మా ఊరివాళ్ళు ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారని వాడి సిగ్గు. తాడేపల్లిగూడెం వైపు మందు మాన్పించే చోటు ఒకటుందని తోటలో ఎవరో చెప్పారట. తోవలో వాడమంటూ సిస్టరమ్మ ఇప్పించిన మాత్రలు పట్టుకుని ముగ్గురం బస్సెక్కాం. రత్నం వద్దన్నా వచ్చింది.

ఊరి బయట పెద్ద ప్రహరీ, ఇనుప గేటు. లోపల నుంచి ఒక లావుపాటి ఆయన వచ్చాడు. మా వంక చూశాడు. నన్ను చూశాడు, కడుపుతో ఉన్న రత్నాన్ని చూశాడు, సూరిబాబు భుజం మీద చెయ్యేశాడు.

"రండి బాబూ, భయపడకండి. ఇక్కడ అందరూ మీలాంటోళ్ళే."

"నేను కాదండీ" అన్నాడు వాడు.

"మొదట్లో అందరూ అలాగే అంటారండీ."

"మా అమ్మండీ తాగేది."

"తల్లి మీదకి నెట్టడం కూడా చూశానండి. పోనీ, ఎన్నాళ్ళనుంచి?"

వాడి భుజం వదలడు. ఇంకో కుర్రాడు గేటు వేయబోయాడు. మావాడి మొహం చూస్తే, అంత ఒంట్లో బాగోకపోయినా నాకు నవ్వాగలేదు. ఆఖరికి నేనే ముందుకెళ్ళి చెప్పాను.

"వదలండి బాబూ, వాడు సోడా కూడా తాగడు. తాగేది నేనే."

ఆయన చెయ్యి తీసేశాడు. మొహం మారిపోయింది.

"ఆడవాళ్ళని చేర్చుకోమండి. మంచాలన్నీ మగవాళ్ళవే. అయినా ఈ వయసులో..."

ఈ వయసులో ఏమిటో చెప్పలేదు. ఫోనులో చూసి రత్నం ఇంకో రెండుచోట్లకి ఫోను చేసింది. ఆడమనిషి అనగానే ఆగి, లేదండీ అన్నారు. ఒకాయనైతే, ఆడవాళ్ళకి ఇలాంటి కేసులు ఉండవు కదండీ అన్నాడట. బస్టాండులో కూర్చున్నాం. సూరిబాబు నల్లజర్ల వైపు ఒకాయన మజ్జిగలో పసరు కలిపి పోస్తాడట, అది చూద్దామా అన్నాడు. ఆ పిల్ల అంతవరకు మొగుడికి ఎదురు చెప్పగా నేను చూడలేదు.

"చీటీ మీద ఏలూరు అని రాసుంది. ఏలూరే వెళ్దాం. మీకు సిగ్గయితే మీరు బస్టాండులో ఉండండి. నేను తీసుకెళ్తాను అత్తయ్యని."

వాడు వెళ్ళి ఏలూరు టిక్కెట్లు తీశాడు.

మంచం

ఆసుపత్రి పేరు రాయను. మీ జిల్లాలో ఉన్నది మీ ఊరి నర్సమ్మని అడిగితే చెబుతుంది. నేను చెప్పేదల్లా, పెద్ద పెద్ద బోర్డులు పెట్టుకున్న చోట దొరకని మంచం ఇక్కడ దొరికింది.

మనసు జబ్బుల డాక్టరు గారి గది ముందు పెద్ద వరండా. బెంచీలు నిండిపోయి జనం నేల మీద కూడా కూర్చున్నారు. అక్కడ కూర్చుంటే ఎవరి రోగం ఏమిటో ఎవరూ అడగరు. అందరూ గోడ వంక చూస్తుంటారు. నా పక్కన ఒక ముసల్మాను ఆవిడ. నా ఈడుదే. మస్తాన్‌బీ అని తర్వాత తెలిసింది. వాళ్ళది ఏలూరే. ఇంట్లో తివాచీలు నేస్తారట. వేళ్ళకి ఊలు దారాల కోతలు. నా చేతులు వణుకుతుంటే టీ కప్పు తనే నా నోటి దగ్గర పెట్టి పట్టుకుంది.

"మీకేనా అమ్మా, లేకపోతే పిల్లలకా?" అంది మెల్లగా.

"నాకే. మందు."

"మావాడికి మాత్రలు. నిద్రమాత్రలని మొదలెట్టాడు, ఇప్పుడు పగలూ రాత్రీ అవే. గాలి సోకిందనుకుని తాయెత్తు కట్టించాను. రెండు దర్గాలు తిప్పాను."

"నాకు అమ్మవారు పూనిందన్నారు. సాక పోసి శాంతి చేశారు."

"ఏం పోశారు?"

"మందే."

ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలెట్టింది. నేనూ నవ్వాను. ఎదురుగా ఉన్నవాళ్ళు మమ్మల్నే చూస్తున్నారు.

"మీకు దేవతొచ్చింది, మావాడికి దెయ్యమొచ్చింది. మీదే నయమమ్మా" అంది.

డాక్టరు గారు కుర్రాడు. మామ్మగారూ అన్నాడు. ఎంత తాగుతారు, ఎప్పటినుంచి అని మేత లెక్క అడిగినట్టు మామూలుగా అడిగాడు. అందులో తిట్టు లేదు, జాలి కూడా లేదు. నాకు అది నచ్చింది. మందు మానే ఆడవాళ్ళకి విడిగా వార్డు లేదు కానీ, ఆడవాళ్ళ మామూలు వార్డులో చేర్చుకుంటానన్నాడు. కీళ్ళనొప్పులవాళ్ళ మధ్య, జ్వరాలవాళ్ళ మధ్య నా మంచం.

మొదటి రోజులు చెప్పడానికి పెద్దగా లేదు. సూదులూ సెలైనూ. మంచం కింద నీళ్ళున్నట్టూ కొర్రమీను నా చెప్పుల్లో దూరినట్టూ అనిపించేది. చెప్పులు తియ్యమని అరిచేదాన్ని. పక్కమంచం ముసలమ్మ విసుక్కోకుండా వంగి, చెప్పులు దులిపి, "పోయింది లెండి, పడుకోండి" అనేది. ఎన్నిసార్లు దులిపిందో. ఆవిడ పేరు కూడా నేను అడగలేదు. తేరుకునేసరికి ఆవిడ ఇంటికి వెళ్ళిపోయింది.

రత్నం రోజూ బస్సులో రావడం కుదరదు. సూరిబాబు పని మానుకోలేడు. మస్తాన్‌బీ కొడుకు మగవాళ్ళ వార్డులో ఉన్నాడు. ఆవిడ కొడుక్కి అన్నం తెచ్చేటప్పుడు నాకూ ఒక గిన్నె తెచ్చేది. చిక్కు పడిన నా తల దువ్వేది. పడుగు దారాలు సవరించే చెయ్యి కదా, ఒక్క వెంట్రుక లాగలేదు.

ఒకరోజు సూరిబాబు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. సెలైను సీసా వంక చూస్తున్నాడు.

"ఊళ్ళో అడుగుతున్నారమ్మా. అమ్మవారిని ఆసుపత్రిలో పెట్టినోడు బాగుపడడు అంటున్నారు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. వచ్చేశాను."

"టీలు ఇప్పిస్తున్నారా ఇంకా?"

వాడు తల దించుకుని నవ్వాడు. "మానేశారు."

నా కొడుకు నాకోసం పోగొట్టుకున్నదేమిటో అప్పుడు నాకు తెలిసింది. ఊళ్ళో మర్యాద మాకు మళ్ళీ మళ్ళీ దొరికే సరుకు కాదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు మాత్రలిచ్చారు. మేత షెడ్డు పని మానుకోమన్నారు. వారం వారం వచ్చి మాట్లాడి వెళ్ళమన్నారు. మానేసినవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే చోటు ఒకటుంది. అంతా మగవాళ్ళే. నేను వెళ్ళి మూల కూర్చున్నాను. తర్వాత తర్వాత మధ్యకి జరిగాను. వాళ్ళు నన్ను అమ్మా అనేవారు. ఆ అమ్మ వేరు.

మాఘం

మాఘమాసంలో పాప పుట్టింది. అప్పటికి నేను చుక్క ముట్టక కొన్నాళ్ళయింది. కానీ చేతి వణుకు పూర్తిగా పోలేదు. నరాలు తేరుకోవడానికి టైము పడుతుందని డాక్టరు గారు ముందే చెప్పారు. ముగ్గు గీస్తే గీత వంకర పోయేది.

రత్నం నన్ను అడగలేదు. నేనూ అడగలేదు. నీళ్ళు పోయడానికి వెనకవీధి పోలమ్మని పిలిచింది. పోలమ్మ నాకు వరసకి మరదలు. పురిటి ఇళ్ళకి వెళ్ళి నీళ్ళు పోస్తుంది, అదే ఆవిడ బతుకు. చెయ్యి బహు కుదురు. నేను పక్కన కూర్చుని వేన్నీళ్ళ చెంబు అందించేదాన్ని. మొదటిరోజే నాకు తెలిసింది. నోట్లో లవంగం. మాట్లాడితే లవంగం వాసన, దాని వెనక ఇంకోటి. పొద్దున్నే ఒకటి వేసుకుని వస్తోంది. లేకపోతే ఆ చెయ్యి అలా ఉండదు.

చెప్తే ఆవిడ కూడు పోతుంది. చెప్పకపోతే కాళ్ళ మీద ఉన్నది నా మనవరాలు. ఆ రోజులన్నీ నేను దగ్గరగా జరిగి, పీటకి ఆనుకుని, పాప తల కింద నా అరచెయ్యి పెట్టి కూర్చున్నాను. "అంత దగ్గరకెందుకు వదినా, నీ వణుకుడు చెయ్యి అడ్డం" అని పోలమ్మ విసుక్కునేది. రత్నం చూసేది.

ఫాల్గుణం

జాతర వచ్చింది. సాకల ఊరేగింపు మా ఇంటి ముందు ఆగింది. అమ్మవారు పోయిన ఏడాది నా ఒంటి మీద నిలబడింది కదా, ఈ ఏడాదీ పలుకుతుందని డప్పులు, హారతులు. గంగరాజు గారు ముందుకొచ్చి చెంబు పట్టుకున్నారు. ఈసారి నిజంగా కల్లే. ఆ వాసన ముక్కులోకి వెళ్ళేసరికి నా నోట్లో నీరూరింది. మానేశాక వాసన కూడా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

"తల్లీ, శాంతించు. ఈ ఏడు ఏ చేప వెయ్యమంటావు?"

గడపలో రత్నం పాపని ఎత్తుకుని నిలబడి ఉంది. నేను చేతులు జోడించాను.

"గంగరాజు గారూ, అది నన్ను కాదండీ, ఫిషరీసు ఆఫీసరు గారిని అడగండి. అమ్మవారు గుడిలో ఉంది. నాకు పూనింది అమ్మవారు కాదు. తాగుబోతుకి మందు అందకపోతే వచ్చే వణుకు. మీరు మందే పోశారు, ఆగింది. ఆసుపత్రికి వెళ్ళి తగ్గించుకున్నాను."

డప్పులు ఆగాయి.

"మరి చేప తేలుతుందని ముందే చెప్పావు కదా?"

"అప్పుడు వారమంతా మబ్బు పట్టి ఉందండీ. మబ్బు పడితే చేప గాలికి పైకొస్తుందని మీకు తెలియదా? అన్నేళ్ళు మేత కలిపాను. మతి పోయినా నా నోట వచ్చేది అదే."

"అంటే నేను తాగుబోతు మాట విని చెరువు పట్టించానా?"

"అవునండీ. లాభమొచ్చింది కదా, తిట్టకండి."

కొందరు నవ్వారు. కొందరు అపచారం అని లెంపలేసుకున్నారు. నన్ను తిట్టినవాళ్ళూ ఉన్నారు. గంగరాజు గారు చెంబు నేల మీద ఒంపేసి వెళ్ళిపోయారు. సూరిబాబు జనంలోంచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. డప్పులు వెళ్ళిపోయేదాకా అక్కడే ఉన్నాడు.

రెండురోజులు పోయాక పోలమ్మ మామూలు వేళకంటే ముందే వచ్చింది. నీళ్ళు కాగకముందే. నా మంచం దగ్గర కింద కూర్చుంది. నోట్లో లవంగం లేదు.

"వదినా, ఆసుపత్రికి ఏ బస్సు ఎక్కాలి?"

"ఎవరికి?"

"నీకు తెలీదా? పాప తల కింద చెయ్యి పెట్టుకుని కూచునేదానివి కదా."

పొయ్యి దగ్గర రత్నం వినేసింది. చేతిలో పుల్ల పొయ్యిలో పెట్టకుండా అలాగే పట్టుకుంది. పోలమ్మని ఒక్క మాట అంటుందేమోనని నేను చూశాను. అనలేదు. లేచి వెళ్ళి ఇద్దరికీ టిఫిను డబ్బా కట్టింది.

"మాత్రలిచ్చేదాకా పోలమ్మత్తని ఒంటరిగా వదలకండి అత్తయ్యా. ఆవిడా ఒక్కసారిగా మానకూడదు కదా."

పోలమ్మని ఏలూరు తీసుకెళ్ళాను. అదే వరండా, అదే బెంచీలు. ఆవిడ గోడ వంక చూస్తూ కూర్చుంటే టీ కప్పు నేను పట్టుకున్నాను. ఆడవాళ్ళ వార్డులో చేర్చుకున్నారు. సాయంత్రం బస్సుకి నేను వచ్చేశాను.

మర్నాడు పొద్దున్న లేచేసరికి పెరట్లో పీట వేసి ఉంది. నూనె గిన్నె, సున్నిపిండి, కాగులో నీళ్ళు. రత్నం పాపని ఎత్తుకుని వచ్చి నిలబడింది.

"ఈవేళ పోలమ్మత్త రాదు కదండీ."

"రాదు. నాలుగో వీధిలో ఇంకొకావిడ ఉంది, పిలవనా?"

"నీళ్ళు చల్లారిపోతున్నాయండీ."

పీట మీద కూర్చుని కాళ్ళు చాపాను. ఎన్నో ఏళ్ళయింది అలా కూర్చుని. చేతులు చాపితే వేళ్ళు కదులుతున్నాయి. తాగుడు వణుకు నాకు తెలుసు, ఇది అది కాదు.

"చెయ్యి వణుకుతోందే రత్నం."

"చూశానండీ. నాదీ వణుకుతోంది."

అని, పాపని నా కాళ్ళ మీద పడుకోబెట్టింది. నూనె రాశాను. పాప గుక్కపట్టి ఏడ్చింది. చెంబు రత్నం పట్టుకుని మెల్లగా పోసింది. నేను పాప చెవులకి చెయ్యి అడ్డం పెట్టాను. ఒక్క చుక్క లోపలికి పోలేదు.